టెక్సస్ లాంగ్‌హార్న్ పాత పోస్టుకార్డులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవి ఏ కార్డులు?

అమెరికాలో, ముఖ్యంగా టెక్సస్, ఓక్లహోమా, కాన్సస్ ప్రాంతాల్లో సుమారు 1900 నుంచి 1960ల దాకా అచ్చయిన బొమ్మ కార్డులు. బొమ్మలో ఉండేది లాంగ్‌హార్న్ పశువు. స్పెయిన్ వాళ్లు ఓడల్లో తెచ్చిన పశువుల సంతతి ఇది. కొట్టం, కాపరి లేకుండా దక్షిణ టెక్సస్ ముళ్లపొదల్లో తరాల తరబడి తిరిగి రాటుదేలింది. 1865లో అంతర్యుద్ధం ముగిశాక ఈ మందల్నే లక్షల్లో కాన్సస్ రైలు స్టేషన్లకు తోలుకెళ్లారు. 1867లో అబిలీన్ ఊళ్లో మొదలైన ఆ వ్యాపారం తర్వాత డాడ్జ్ సిటీకి పాకింది. 1874లో ముళ్లతీగకు పేటెంటు వచ్చింది, బీళ్లకు కంచెలు పడ్డాయి, త్వరగా కండపట్టే ఇంగ్లండు జాతులు దిగాయి. 1920ల నాటికి అసలు లాంగ్‌హార్న్ దొరకడమే గగనమైంది. 1927లో అమెరికా కాంగ్రెస్ 3,000 డాలర్లు మంజూరు చేస్తే, అటవీ శాఖ వాళ్లు దక్షిణ టెక్సస్ అంతా గాలించి, ఏరి తెచ్చిన కొద్దిపాటి పశువులతో ఓక్లహోమాలోని విచిటా కొండల్లో ఒక మందను నిలబెట్టారు.

కార్డు మీద "చిజమ్ ట్రయల్‌లో పశువుల మంద" అని ఉంది. ఆ కాలపు ఫొటోయేనా?

దాదాపు ఎప్పుడూ కాదు. చిజమ్ ట్రయల్ అంటే టెక్సస్ నుంచి కాన్సస్ రైలు స్టేషన్లకు మందల్ని తోలిన దారి. మందల్ని కాలినడకన ఉత్తరానికి తోలడం 1880ల మధ్యకల్లా తగ్గిపోయింది. అమెరికాలో ప్రైవేటు బొమ్మ కార్డులు ఊపందుకున్నది 1898 మే 19 చట్టం తర్వాత. అంటే కార్డు పుట్టేసరికి తోలకం అయిపోయింది. మీ చేతిలో ఉన్నది మూడింట్లో ఒకటై ఉంటుంది: పాత ఫొటోకి తీసిన నకలు, చిత్రకారుడు వేసిన బొమ్మ, లేదా 1900 తర్వాత ఏదో పశుక్షేత్రంలో ఆవుల్ని నడిపించి తీసిన ఫొటో. మూడోదే ఎక్కువ. కార్డు తను అచ్చయిన ఏటికి సాక్షి. కింద రాసిన శీర్షిక ఏ కాలం గురించి చెప్పినా దానికి సాక్షి కాదు. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం మోసాలు మీ దగ్గరికి రావు.

వెనక వైపు చూసి కాలం ఎలా చెప్పాలి?

ముందు వెనక వైపే తిప్పండి, బొమ్మ తర్వాత.

"ప్రైవేట్ మెయిలింగ్ కార్డ్" అని, 1898 చట్టం పేరుతో సహా అచ్చు ఉంటే అది 1898 – 1901 మధ్యది. 1901 డిసెంబరు చివరి నుంచి "పోస్ట్ కార్డ్" అని వేసుకోనిచ్చారు. అయినా వెనక చిరునామా ఒక్కటే రాయాలి. అందుకే ఆ కాలపు కార్డుల్లో ఎద్దు పొట్ట మీదో, ఆకాశం మీదో ఉత్తరం గీకి ఉంటుంది. 1907 మార్చి 1 నుంచి వెనక వైపు మధ్య గీత, ఎడమ ఉత్తరం, కుడి చిరునామా. సుమారు 1915 – 1930 మధ్య బొమ్మ చుట్టూ తెల్ల అంచు వదిలేవారు. 1930 నుంచి నారబట్ట నేతలా గరుకుగా ఉండే లినెన్ కార్డులు. 1939 నుంచి నిగనిగలాడే రంగుల ఫొటో కార్డులు మొదలై, 1950లకల్లా లినెన్‌ను పక్కకు నెట్టాయి.

"ప్రింటెడ్ ఇన్ జర్మనీ" అని ఉంటే సాధారణంగా 1914కు ముందుది. రంగుల అచ్చులో అప్పట్లో వాళ్లదే పైచేయి, యుద్ధంతో ఆ సరఫరా తెగిపోయింది.

చిరునామాలో ఊరి పేరు తర్వాత ఒకటి రెండు అంకెలు ("డాలస్ 2, టెక్సస్" లాగా) ఉంటే 1943 తర్వాతది. అయిదంకెల జిప్ కోడ్ ఉంటే 1963 జులై తర్వాతది. అమ్మేవాడు "1930ల నాటిది" అంటుంటే ప్రచురణకర్త చిరునామాలో జిప్ కోడ్ కనబడటం తరచూ జరిగేదే.

స్టాంపు విలువ పనికొస్తుందా?

బాగా పనికొస్తుంది, తపాలా ముద్ర అరిగిపోయినప్పుడు మరీను. దేశంలోపల కార్డు ఖర్చు చాలాకాలం 1 సెంటు. 1917 నవంబరు నుంచి 1919 జూన్ దాకా యుద్ధం పేరిట 2 సెంట్లు. 1925 ఏప్రిల్ నుంచి 1928 జూన్ చివరి దాకా మళ్లీ 2. అక్కణ్నుంచి 1951 చివరి దాకా 1. 1952 నుంచి 2, 1958 ఆగస్టు నుంచి 3, 1963 జనవరి నుంచి 4. ఉదాహరణకు లినెన్ కార్డు మీద 2 సెంట్ల స్టాంపుంటే, అది 1952 – 58 మధ్య పోస్టు చేసిందని అర్థం. అచ్చు మాత్రం పదేళ్ల ముందుదై ఉండొచ్చు. మందుల షాపు గిలక స్టాండులో కార్డులు ఏళ్లకేళ్లు పడి ఉండేవి.

కర్ట్ టైక్ కార్డుల మీద నంబరును ఎలా చదవాలి?

షికాగోలోని కర్ట్ టైక్ కంపెనీ 1898 నుంచి 1978 దాకా నడిచింది. లినెన్ లాంగ్‌హార్న్ కార్డుల్లో పెద్ద వాటా వీళ్లదే. 1930ల నుంచి నంబరు మొదట్లో ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. ఇంగ్లీషు "ఎ" అంటే 1930లు, "బి" అంటే 1940లు, "సి" అంటే 1950లు. ముందున్న అంకె ఆ దశాబ్దంలో ఏడు. 6ఎ అంటే 1936, 2బి అంటే 1942. తర్వాత వచ్చే "హెచ్" లినెన్ రకాన్ని చెబుతుంది. నంబరు బొమ్మ వైపు కింద మూలలో, కొన్నిసార్లు వెనక మధ్యలో చిన్నగా ఉంటుంది. ఇతర కంపెనీల నంబర్లకు ఈ లెక్క కట్టొద్దు, ఎవరి పద్ధతి వాళ్లది. టైక్ కంపెనీ దస్తరాలు ఇప్పుడు షికాగోలో న్యూబెర్రీ లైబ్రరీలో ఉన్నాయి.

రియల్ ఫొటో కార్డు అంటే ఏమిటి? అచ్చు కార్డుతో తేడా ఎలా పట్టాలి?

నెగటివ్ నుంచి నేరుగా ఫొటో కాగితం మీద కడిగిన కార్డు అది. ఊళ్లో ఫొటోగ్రాఫరు పది కాపీలు తీసి అమ్ముకునేవాడు. కొన్నిటికి రెండో కాపీ కూడా దొరకదు. కొడాక్ 1903లో కార్డు సైజు నెగటివ్ వచ్చే 3ఎ కెమెరా తెచ్చాక పశుక్షేత్రాల వాళ్లే తీసుకోవడం మొదలైంది.

10 రెట్ల భూతద్దం కావాలి. ఆకాశంలోనో, ఎద్దు డొక్క మీదో, మెల్లగా నలుపు నుంచి తెలుపుకి తేలిపోయే చోట చూడండి. వరసలు తీరిన చుక్కలు కనబడితే అది అచ్చు. చుక్కలే లేకుండా పాలమీగడలా కలిసిపోతే ఫొటో. పురుగులు పాకినట్టు సన్నని వంకర గీతలుంటే కోలోటైప్, అదీ అచ్చే. పాత ఫొటో కార్డును వాలుగా పట్టుకుంటే ముదురు భాగాల్లో, అంచుల దగ్గర వెండి పూతలాంటి మెరుపు కనిపిస్తుంది. కాగితంలోని వెండి పైకి తేలడం వల్ల వచ్చే మెరుపు అది. లోపమే గానీ, వయసుకు మంచి గుర్తు.

వెనక స్టాంపు చోటు చుట్టూ ఫొటో కాగితం పేరుంటుంది. ఎక్కువగా కనబడేది ఏజో. నాలుగు మూలల త్రికోణాలూ పైకి చూస్తుంటే సుమారు 1904 – 1918. రెండు పైకి, రెండు కిందికి ఉంటే సుమారు 1918 – 1930. మూలల్లో చిన్న చదరాలుంటే 1920ల మధ్య నుంచి 1940ల దాకా. ఈ గుర్తు చెప్పేది కాగితం వయసు. 1890లలో తీసిన నెగటివ్‌ను 1925లో ఏజో మీద కడిగి ఉండొచ్చు.

బొమ్మలో ఉన్నది లాంగ్‌హార్నేనా అన్నది ఎలా తేల్చాలి?

శీర్షికను నమ్మకండి. పర్యాటకులకు అమ్మే కార్డు మీద కొమ్ములున్న ప్రతి పశువూ లాంగ్‌హార్నే. తెల్ల మొహం, ఎర్ర ఒళ్లు, తెల్ల రొమ్ము ఉంటే హియర్‌ఫోర్డ్, లేదా దాని సంకరం. 1900 తర్వాతి మందల ఫొటోల్లో ఎక్కువ ఇవే. కళ్ల మీదికి జూలు వాలుతుంటే స్కాట్లండు హైలాండ్ పశువు. మూపురం, జారిన గంగడోలు ఉంటే ఇండియా రక్తం ఉన్న బ్రాహ్మన్.

అసలు లాంగ్‌హార్న్ బక్కగా, పొడవు కాళ్లతో, సన్నటి పొడవు మొహంతో, కొంచెం పల్లంగా జారిన నడుముతో ఉంటుంది. రెండు పశువులు ఒక్క రంగులో ఉండవు: మచ్చలు, బొట్లు, పుల్ల రంగు, నలుపు, వెన్ను వెంట తెల్ల పట్టీ. మందంతా ఒకే రంగులో ఉంటే అనుమానించండి.

మరో సంగతి. పెద్ద పెద్ద కొమ్ములు ఆబోతువి కావు, విత్తులు కొట్టిన ఎద్దువి. ఆబోతు కొమ్ములు పొట్టిగా, లావుగా, పక్కకు సాగుతాయి. ఎద్దుకి ఏళ్లు గడిచేకొద్దీ కొమ్ములు సాగుతూనే ఉంటాయి, పక్కకు వెళ్లి, పైకి లేచి, చివర మెలి తిరుగుతాయి. కార్డు మీద "లాంగ్‌హార్న్ ఆబోతు" అని రాసి, ఏడడుగుల కొమ్ములు చూపిస్తే శీర్షిక రాసినవాడికి పశువు తెలియదన్నమాట.

ఆవు రంగును కార్డు చూసి చెప్పొచ్చా?

రంగుల ఫిల్ము రాకముందు కార్డుల్లో చెప్పలేం. నలుపు తెలుపు ఫొటోకి అచ్చు కంపెనీలో రంగులద్దేవారు. షికాగోలో కూర్చున్న పనివాడు ఆ మందను చూసి ఉండడు. ఒకే ఫొటో, ఒక అచ్చులో ఎర్రావు, ఇంకో అచ్చులో పుల్లావు. జాతి రంగుల గురించి రాసేవాళ్లు లినెన్ కార్డును ఆధారంగా చూపితే పప్పులో కాలేసినట్టే. రియల్ ఫొటో కార్డు నలుపు తెలుపే అయినా, మచ్చల ఆకారం వరకు అది నిజం చెబుతుంది.

కొమ్ములు నిజంగా అంత పొడవా, సాగదీశారా?

రెండూ ఉన్నాయి. కొస నుంచి కొసకు ఆరడుగులు దాటిన ఎద్దులు మామూలే. ఈ కాలంలో పనిగట్టుకుని పెంచినవాటిలో 10 అడుగులు దాటింది కూడా నమోదైంది. కాబట్టి పొడవు చూసి అబద్ధమని తీర్మానించకండి, అంచు చూడండి. భూతద్దం కింద, కలం గీతలా గట్టి అంచు ఉండి, లోపల నీడ లేకుండా చదునుగా ఉంటే కొమ్ము దిద్దిందే. నేల మీద నీడ చూడండి: పైన నాలుగడుగుల కొమ్ము, కింద నీడలో రెండడుగులు ఉంటే ఇక వాదన అక్కర్లేదు. గోడకు తగిలించిన కొమ్ముల కార్డుల్లో మధ్యలో తోలు చుట్టి ఉంటుంది. ఆ తోలు కింద రెండు కొమ్ముల మధ్య ఎడం ఎంతైనా పెట్టొచ్చు. శాన్ ఆంటోనియోలో 1881లో మొదలైన బక్‌హార్న్ సలూన్ కొమ్ముల సేకరణ మీద వచ్చిన కార్డులు చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇంకో పొరపాటు, నెగటివ్ తిరగబడటం. ఎద్దు తొంటి మీద కాల్చిన ముద్రలో అక్షరం అద్దంలోలా తిరగేసి ఉంటే బొమ్మంతా ఎడమ కుడి మారినట్టే. ముద్రను బట్టి ఏ పశుక్షేత్రమో వెతికేవాళ్లు ముందు ఇది సరిచూసుకోవాలి.

పశువుల్ని గుంటలో ముంచుతున్న కార్డులు కనబడుతున్నాయి. అదేమిటి?

పిడుదుల మందు. లాంగ్‌హార్న్‌లు పిడుదుల జ్వరాన్ని తట్టుకునేవి, కానీ అవి నడిచిన దారిలో ఉత్తరాది పశువులు చచ్చేవి. ఆ జ్వరాన్ని మోసేది పిడుదులేనని 1893లో తేలింది. 1906లో అక్కడి కేంద్ర ప్రభుత్వం పిడుదుల నిర్మూలన మొదలుపెట్టింది. సన్నటి సిమెంటు కాలవలో ఆర్సెనిక్ కలిపిన నీళ్లు నింపి, పశువును ఒక చివర దూకించి ఇంకో చివర ఎక్కించేవారు. పర్యాటకుల కోసం తీసినవి కావు కాబట్టి, పశువు సంగతి తెలియాలంటే ఈ కార్డులే మేలు. అందం తక్కువ, అందుకే ధరా తక్కువే.

మన ఒంగోలు జాతికి వీటితో సంబంధం ఉందా?

లాంగ్‌హార్న్‌తో నేరుగా లేదు. దాని స్థానంలోకి వచ్చిన జాతుల్లో ఒకదానితో ఉంది. టెక్సస్ ఉక్కకు, పిడుదులకు ఇంగ్లండు జాతులు నిలవలేదు. 1906లో టెక్సస్‌లోని పియర్స్ పశుక్షేత్రం ఇండియా నుంచి పశువుల్ని దింపుకుంది. అమెరికన్ బ్రాహ్మన్ జాతిలో కలిసిన రక్తాల్లో గిర్, గుజరాత్ కాంక్రేజ్, కృష్ణా లోయ జాతులతోపాటు మన ఒంగోలూ ఉంది. వాళ్లు దాన్ని నెల్లూరు పేరుతోనే పిలుస్తారు. "బ్రాహ్మా", "సేక్రెడ్ కాటిల్" అని రాసిన టెక్సస్ కార్డుల్లో తెల్లటి ఒళ్లు, పొట్టి బుడిపె కొమ్ములు, నిలువు మూపురం కనబడితే ప్రకాశం జిల్లా రైతు ఇట్టే పోల్చుకుంటాడు. లాంగ్‌హార్న్ కార్డుల పక్కన ఇవి రెండు మూడు పెట్టుకుంటే ఆ నేల మీద పశువు ఎలా మారిందో కళ్లకు కడుతుంది.

నకిలీల్ని ఎలా పట్టాలి?

నకిలీ అంటే ఎక్కువగా పాత ఫొటోను కొత్తగా అచ్చుకొట్టినవే. నాలుగు పరీక్షలు చాలు.

365 నానోమీటర్ల అతినీల టార్చి చీకట్లో వేయండి. కాగితం నీలంగా మెరిస్తే అందులో తెలుపు పెంచే రసాయనం ఉంది. అది సుమారు 1950 తర్వాతి కాగితాల్లో వచ్చింది. 1910 ఏజో కార్డు అలా మెరవకూడదు. మెరవకపోయినంత మాత్రాన అసలైనదని కాదు, మెరిస్తే మాత్రం కాదని ఖాయం.

కొలవండి. పాత కార్డు 8.9 × 14 సెంటీమీటర్లు. మిల్లీమీటరో రెండో అటూ ఇటూ పర్లేదు. 10 × 15 ఉంటే అది కొత్త కాలపు సైజు. బాగా తక్కువుంటే చిరిగిన అంచు కత్తిరించారన్నమాట.

వెనక స్టాంపు చోటు చుట్టూ అచ్చయిన గుర్తును భూతద్దంతో చూడండి. అసలు దానిలో గీత నిండుగా ఉంటుంది. స్కాన్ చేసి వేసినదాంట్లో గీత రంగు చుక్కలుగా విడిపోతుంది.

లినెన్ గరుకును గోటితో తాకి చూడండి. కొత్త అచ్చుల్లో నేత బొమ్మలోనే ఉంటుంది, కాగితం నున్నగా ఉంటుంది.

ఫోర్ట్ వర్త్ పశువుల సంత వీధిలో లాంగ్‌హార్న్‌లు నడుస్తున్న నిగనిగల కార్డును "పాతది" అని అమ్మజూపితే, అక్కడ రోజూ మంద నడిపించడం 1999లో మొదలైందని చెప్పండి.

ధరలు ఎలా ఉంటాయి?

మామూలు లినెన్ కార్డు కొద్ది డాలర్లు. వేలల్లో అచ్చేశారు, తొందర పడక్కర్లేదు. ఊరు, పశుక్షేత్రం, ఫొటోగ్రాఫరు పేరు తెలిసిన రియల్ ఫొటో కార్డుకు పదుల డాలర్లు, అరుదైతే ఇంకా పైన. ధర పెంచేవి: స్థలం తెలియడం, బొమ్మలో మనిషి పని చేస్తుండటం, 1930కి ముందు నిజమైన లాంగ్‌హార్న్ కనబడటం. తగ్గించేవి: మూల మడత, సూది రంధ్రం, ఆల్బమ్ నుంచి పీకిన నల్ల కాగితం అంటుకుని ఉండటం. రాసిన కార్డు కన్నా ఖాళీ కార్డు మేలని చాలామంది అంటారు. ఈ విషయంలో మాది వేరే మాట: వెనక "ఈ ఎద్దు మా పొరుగాయనది" అన్న ఒక్క వాక్యం ఉంటే మూల మడత ఉన్నా కొనండి.

ఇండియాలో ఉండి కొనాలంటే?

ఆన్‌లైన్ వేలాల్లో. డాలస్, హ్యూస్టన్‌లలో చుట్టాలుంటే ఇంకా మేలు. డాలస్‌కు తూర్పున కాంటన్‌లో నెలనెలా జరిగే సంతలో, పాత సామాన్ల దుకాణాల్లో పెట్టెల నిండా దొరుకుతాయి. వాళ్లకి "పాత కార్డులు తెండి" అని చెప్పకండి, తాజ్‌మహల్ సైజు ఫ్రిజ్ మాగ్నెట్ తెస్తారు. టెక్సస్ పెట్టెలో "కాటిల్", "రాంచ్" విభాగాలు చూడమని, ముందూ వెనకా ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమని చెప్పండి. తెచ్చేటప్పుడు గట్టి అట్ట పుస్తకం మధ్యలో, చేతి సంచిలో.

అమ్మేవాణ్ని అడగాల్సినవి: వెనక వైపు ఫొటో, వాలు వెలుతురులో తీసిన ఫొటో (మడతలు అందులోనే తేలతాయి), కొలత. కవరులో రెండు గట్టి అట్టల మధ్య పెట్టి పంపమనండి. వట్టి కవరు యంత్రాల్లో పడి వంగుతుంది.

మన వాతావరణంలో ఎలా దాచాలి?

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల వానాకాలం తేమే పెద్ద శత్రువు. ఫొటో కార్డు పైపూత జెలటిన్. తేమ తగిలితే జిగురై ప్లాస్టిక్‌కి అతుక్కుంటుంది, పీకితే బొమ్మ ఊడొస్తుంది. బూజు తినేదీ ఆ జెలటిన్‌నే.

తొడుగు పాలీప్రొపిలీన్ లేదా పాలియెస్టర్‌ది కావాలి. పెళ్లి ఆల్బమ్‌లలో వాడే, వాసనొచ్చే మెత్తటి పీవీసీ వద్దు. ఫొటో కార్డుకైతే ముందు ఆమ్లం లేని కాగితపు కవరు, నిలబెట్టి పెట్టె. మూత బిగుతుగా పట్టే 10 లీటర్ల డబ్బాలో సుమారు 100 గ్రాముల రంగు మారే సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు ఉంచండి. మీటరు 35 – 50 శాతం మధ్య చూపాలి. జెల్ రంగు మారగానే ఓవెన్‌లో 120 డిగ్రీల వద్ద రెండు గంటలు ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఇనప బీరువాను బయటి గోడకు ఆనించకండి. నాఫ్తలీన్ ఉండలు, వేపాకు రెండూ వద్దు: మొదటిది కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది, రెండోది మరక చేస్తుంది. రబ్బరు బ్యాండు, జెమ్ క్లిప్పు, లామినేషన్ గురించి చెప్పక్కర్లేదు.

మురికి, అంటుకున్న టేపు ఎలా తీయాలి?

మెత్తటి బ్రష్‌తో మధ్య నుంచి అంచుకు. అంతకు మించి కావాలంటే తెల్ల వినైల్ రబ్బరును తురిమి, ఆ పొడిని వేలితో మెల్లగా దొర్లించండి, అచ్చు కార్డు తెల్ల అంచు మీద మాత్రమే. పెన్సిల్ రాత ఉంటే దగ్గరికి పోవద్దు, అందులో ధర రాసి ఉన్నా సరే. తడిగుడ్డ ఏ కార్డుకీ వద్దు. పాత సెల్లోటేపు దానంతట అది ఊడితే సరే, లేకపోతే వదిలేయండి. టేపు మరక ఉన్న కార్డు, బొమ్మ ఊడిన కార్డు కన్నా విలువైనది.

స్కాన్ ఎంత రిజల్యూషన్‌లో చేయాలి?

అచ్చు కార్డుకు 600 డీపీఐ, అంటే సుమారు 3,300 × 2,100 పిక్సెళ్లు. రియల్ ఫొటోకి 1,200. దూరంగా నిలబడ్డ ఎద్దు తొంటి మీద ముద్ర అప్పుడే చదవగలం. టిఫ్ ఫైలుగా దాచి, పంచుకోవడానికి జేపెగ్ తీయండి. వెనక వైపు కూడా స్కాన్ చేయండి, రెండు ఫైళ్లకూ ఒకే నంబరు ఇవ్వండి. కార్డును అద్దం మీద నొక్కకండి. వంగిన ఫొటో కార్డును బలవంతంగా చదును చేస్తే పైపూత పగిలి సన్నని గీతలు పడతాయి.

ఈ బొమ్మల్ని పత్రికలోనో, పుస్తకంలోనో వేసుకోవచ్చా?

అమెరికా చట్టం ప్రకారం ప్రచురించి 95 ఏళ్లు దాటినవి అందరివీ. 1978కి ముందు కాపీరైటు గుర్తు లేకుండా అక్కడ ప్రచురించిన కార్డులు కూడా సాధారణంగా అంతే. కాబట్టి ముందూ వెనకా గుర్తు కోసం వెతకండి, దొరికితే పేరు, ఏడు రాసుకోండి. అచ్చుకాకుండా ఇంట్లో కడుక్కున్న ఫొటో కార్డు "ప్రచురించినది" కాదు, దాని లెక్క వేరు: ఫొటో తీసిన మనిషి చనిపోయి 70 ఏళ్లు దాటాలి, మనిషెవరో తెలియకపోతే తీసి 120 ఏళ్లు దాటాలి.